పాత రేసు కారు బాగుచేయాలంటే: ముందు బ్రేకులు, చివర ఇంజిన్

ఏళ్ల తరబడి షెడ్డులో దుమ్ము పట్టిన రేసు కారును ఇంటికి తెచ్చుకున్న రోజు ఎవరి చేయైనా ముందు ఇంజిన్ మీదికే పోతుంది. బ్యాటరీ తగిలించి, ఒక్కసారి స్టార్ట్ చేసి, ఆ శబ్దం వినాలని ప్రాణం లాగుతుంది. ఆ ఆరాటం నాకు తెలుసు. అయినా ఆగమనే చెప్తాను. ట్రాక్ మీద ఇంజిన్ చెడిపోతే కారు ఆగిపోతుంది. బ్రేకు చెడిపోతే కారు ఆగదు. ఈ తేడాని బట్టే పని వరుస పెట్టుకోవాలి. ముందు చాసిస్, అంటే కారు ఫ్రేము, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత సస్పెన్షన్, స్టీరింగ్, మంట పుట్టించేవి, మిమ్మల్ని సీటులో పట్టి ఉంచేవి. ఇంజిన్ వంతు చివర్లో వస్తుంది.

ఇంకో నియమం కూడా ముందే పెట్టుకోండి. ఎన్నేళ్లదో తెలియని రబ్బరు, బెల్టు, ఫ్లూయిడ్ ఏది కనిపించినా దాని పని అయిపోయినట్టే లెక్క. పైకి నిగనిగలాడుతున్నా సరే, మార్చేయాల్సిందే.

ఇంట్లో ఇంత పని అవుతుందా అనే అనుమానం పెట్టుకోకండి. ఫార్ములా వీ అనే రేసు తరగతి కార్లు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ భాగాలతో తయారైనవి. 1967లో మొదలైన ఫార్ములా ఫోర్డ్ మామూలు రోడ్డు కారు ఇంజిన్‌తోనే నడిచింది. అలాంటి చిన్న సింగిల్ సీటరైనా, లోపలి సామానంతా తీసేసి రోల్ కేజ్ (బోల్తా పడితే డ్రైవరును కాపాడే గొట్టాల చట్రం) వేసిన మామూలు కారైనా, మంచి పానాల సెట్టు, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచి, ఓపిక ఉంటే చాలావరకు మీరే విప్పి బిగించుకోవచ్చు.

పానా పట్టకముందు

మీరు పోటీ పడాలనుకుంటున్న సిరీస్ రూల్ బుక్ ఈ ఏడాది కాపీని మొదట చదవండి. పదేళ్ల క్రితం పాసైన రోల్ కేజ్, సీటు, పెట్రోలు ట్యాంకు ఇప్పుడు పాసవ్వకపోవచ్చు. పని అంతా అయ్యాక టెక్నికల్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ సంగతి తెలిస్తే మళ్లీ మొదటికి వస్తారు. కారుతో పాటు పాత లాగ్ బుక్ ఏదైనా వచ్చి ఉంటే దాన్ని కారులో ఒక భాగంగానే చూసుకోండి. ఎక్కడ గుద్దుకుంది, ఏ గొట్టం మార్చారు, గేర్లు ఏ రేషియోలో ఉన్నాయి అనేవి అందులోనే దొరుకుతాయి.

కారును గట్టి నేల మీద నాలుగు స్టాండ్ల మీదికి ఎక్కించండి. జాకీ ఉన్నది ఎత్తడానికి మాత్రమే. దాని మీద నిలబడ్డ కారు కిందికి ఒక్క క్షణం కూడా దూరకండి. స్టాండ్లు వేశాక కారును చేత్తో గట్టిగా ఊపి చూసి, అప్పుడు కిందికి వెళ్లండి.

విప్పే ముందు కొలవండి. ఈ పని చాలామంది వదిలేస్తారు, తర్వాత బాధపడతారు. ప్రతి రాడ్ ఎండ్‌కి (సస్పెన్షన్ రాడ్డు చివర గుండ్రటి బాల్ ఉన్న కీలు) ఎన్ని మర చుట్లు బయటికి కనిపిస్తున్నాయి, ఏ బోల్టు కింద ఎన్ని షిమ్‌లు (సందు నింపే పల్చటి రేకులు) ఉన్నాయి, స్ప్రింగు సీటు ఎంత ఎత్తులో ఉంది, చాసిస్ నేలకు ఎంత దూరంలో ఉంది, అన్నీ పుస్తకంలో రాసుకోండి. ఈ కారును వేగంగా నడిపిన మనిషి ఎవరో ఎన్నో వారాలు కుస్తీ పట్టి ఆ అంకెలు సాధించి ఉంటాడు. ఒకసారి విప్పేస్తే అవి పోయినట్టే. ఫోన్‌తో ప్రతి మూలా రెండు వైపుల నుంచి ఫోటోలు తీయండి. విప్పిన నట్లు, వాషర్లు విడివిడి కవర్లలో వేసి పేరు రాయండి. అన్నీ ఒకే డబ్బాలో పోస్తే బిగించే రోజు నరకం కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. పాత కార్ల బ్రేకు ప్యాడ్లలో, క్లచ్ ప్లేటులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకండి, పొడి బ్రష్‌తో దులపకండి. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

చాసిస్‌లో పగుళ్లు వెతకడం

బాడీ ప్యానెళ్లు, సీటు, ఫ్లోర్ షీట్ తీసేసి ఫ్రేమును శుభ్రంగా కడగండి. తర్వాత మంచి లైటు పట్టుకుని ప్రతి వెల్డ్ చుట్టూ చూడండి. పగులు సాధారణంగా వెల్డ్ మీద కాకుండా దాని పక్కన, గొట్టం మొదలయ్యే చోట పుడుతుంది. పెయింట్‌లో సన్నటి గీత, ఆ గీత వెంట తుప్పు రంగు కనిపిస్తే అక్కడ పెయింట్ గీకేసి తీరాలి. ఫ్లోరుకు ఆనుకుని ఉండే గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్తే గట్టి చోట ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట శబ్దం బొంగురుగా వస్తుంది.

అనుమానం ఉన్న చోట డై పెనిట్రెంట్, అంటే పగుల్లోకి దిగే రంగు, వాడండి. అది ఇంట్లో చేసుకోదగ్గ పరీక్షే. ముందు లోహాన్ని జిడ్డు లేకుండా తుడిచి ఎర్ర రంగు స్ప్రే చేసి, డబ్బా మీద రాసినంత సేపు వదిలేయండి. మామూలుగా 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. తర్వాత క్లీనర్‌ను గుడ్డ మీద పోసి ఆ గుడ్డతో తుడవాలి. నేరుగా లోహం మీద కొడితే పగుల్లో దిగిన రంగు కూడా కడిగేసుకుపోతుంది. చివరగా తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్న చోట ఎర్రటి గీత పైకి తేలుతుంది. మొదటిసారి ఆ గీత కనిపించినప్పుడు గుండె ఝల్లుమంటుంది. అది ట్రాక్ మీద కాకుండా మీ షెడ్డులో కనబడినందుకు సంతోషించండి.

స్టీలుతో చేసిన విష్‌బోన్లు (చక్రాన్ని చాసిస్‌కు కలిపే సస్పెన్షన్ ఆర్ములు), హబ్బులు, స్టీరింగ్ ఆర్ములు, స్టబ్ యాక్సిళ్లను (చక్రం తిరిగే పొట్టి ఇరుసులు) మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష, అంటే అయస్కాంతంతో, ఇనుప పొడితో పగుళ్లు వెతికే పరీక్ష, చేసే చోటికి పంపండి. కంటికి అందని పగుళ్లు అందులో బయటపడతాయి. ఈ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడొద్దు. చక్రాలో, హబ్బును మోసే అప్‌రైట్లో మెగ్నీషియంతో చేసినవైతే ఇంకా జాగ్రత్త అవసరం. తెల్లటి పొడిలా తుప్పు పట్టిన మెగ్నీషియంలో బలం తగ్గిపోయి ఉంటుంది. దాన్ని గ్రైండింగ్ చేసినప్పుడు రాలే పొడి తేలిగ్గా అంటుకుంటుంది. ఆ మంట మీద నీళ్లు పోస్తే మరింత భగ్గుమంటుంది.

ఫ్రేము వంగిందా లేదా తెలుసుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. సస్పెన్షన్ పాయింట్ల నుంచి దారానికి బరువు కట్టి నేల మీదికి వదిలి, అది తగిలిన చోట గుర్తు పెట్టండి. కారు పక్కకి జరిపి ఆ గుర్తుల మధ్య మూల నుంచి ఐమూలగా ఉన్న మూలకు రెండు కొలతలు తీయండి. రెండూ సమానంగా రావాలి.

వెల్డింగ్ అవసరమైతే బ్యాటరీ, ఆల్టర్నేటర్ తీగలు విప్పేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. క్లోరిన్ లేని క్లీనరే కొనండి, అది కూడా పూర్తిగా ఆరాకే వెల్డింగ్ మొదలుపెట్టండి. రోల్ కేజ్ మీద, సస్పెన్షన్ చాసిస్‌కు తగిలే పికప్‌ల మీద వెల్డింగ్ మాత్రం ఆ పనిలో చేయి తిరిగిన వెల్డర్‌తోనే చేయించండి. కేజ్ గొట్టాలకు ఎక్కడా బెజ్జం వేయకూడదు. హెల్మెట్ తగిలే అవకాశం ఉన్న ప్రతి చోటా గట్టి ప్యాడింగ్ ఉండాలి.

బ్రేకులు

ఇక్కడ సగం పని అనేది ఉండదు. పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను తోసే మాస్టర్ సిలిండర్లు, ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే కేలిపర్లు అన్నీ విప్పండి. సిలిండర్ లోపలి గోడ మీద గోరు ఆడించండి. గోరుకు గుంట తగిలితే ఆ సిలిండర్ మార్చాలి, ఎంత పాలిష్ చేసినా లాభం లేదు. సీళ్లన్నీ కొత్తవి వేయండి. వేసేటప్పుడు కొత్త బ్రేకు ఫ్లూయిడ్‌తోనో బ్రేకు రబ్బర్ల కోసం చేసిన గ్రీజుతోనో తడపండి. మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. ఫ్లెక్సిబుల్ గొట్టాలు పాతవైతే బయట బాగానే ఉండి లోపల వాచి మూసుకుపోతాయి. అప్పుడు పెడల్ వదిలినా చక్రం పట్టేసే ఉంటుంది.

నా మొదటి కారులో ఫ్లూయిడ్ చూడ్డానికి తేటగా ఉందని మార్చకుండా వదిలేశాను. షెడ్డులో పెడల్ రాయిలా గట్టిగా ఉండేది. ట్రాక్ మీద నాలుగో ల్యాపులో పొడవాటి స్ట్రెయిట్ చివర కాలు పెడితే పెడల్ నేలకు తగిలింది. గడ్డి మీద చాలా దూరం జారాక కారు ఆగింది. ఆ తర్వాత నేను ఏ కారులోనూ పాత ఫ్లూయిడ్ ఉంచలేదు.

అలా ఎందుకు జరుగుతుందంటే, గ్లైకాల్ రకం బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 (సీసా మీద రాసి ఉండే ఫ్లూయిడ్ రకం) ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. రేసు బ్రేకులు అంత వేడి ఇట్టే ఎక్కుతాయి. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, మీ కాలు ఆ బుడగల్ని నొక్కుతుంది తప్ప ప్యాడ్లను కాదు. కాబట్టి మూత తీయని కొత్త సీసానే వాడండి. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని డాట్ 3, డాట్ 4, డాట్ 5.1తో కలపకూడదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది గ్లైకాలే.

డిస్కుల మీద వేడికి సన్నటి వెంట్రుక గీతలు పడటం మామూలే. కానీ ఏ గీతైనా డిస్కు అంచు దాకా పాకితే దాన్ని తీసేయాలి. చాలా రేసు కార్లలో ముందు బ్రేకులకు ఒక మాస్టర్ సిలిండర్, వెనక బ్రేకులకు ఒకటి ఉండి, మధ్యలో పెడల్ బలాన్ని రెండింటికీ పంచే బ్యాలెన్స్ బార్ ఉంటుంది. ఆ బార్ ఎక్కడా బిగుసుకోకుండా ఆడాలి. ఒక వైపు సర్క్యూట్ పోయినా రెండో వైపు బ్రేకు పడేంత చోటు దానికి ఉండాలి.

బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు పక్కన ఒకరు ఉంటే సులువు. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టండి. కేలిపర్‌కు గాలి వదిలే నిపుళ్లు రెండు ఉంటే రెండింటి నుంచీ తీయాలి. నిపుల్ పైన ఉండేలా కేలిపర్ బిగించారో లేదో చూసుకోండి. కుడి, ఎడమ కేలిపర్లు తారుమారైతే నిపుల్ కిందికి వచ్చి గాలి ఎప్పటికీ పోదు. అంతా అయ్యాక పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. కాలు మెల్లగా కిందికి దిగుతుంటే ఎక్కడో లీకుంది. బయట తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ సీలు లోపలే వదిలేస్తోంది.

చక్రాన్ని పట్టుకునేవి, తిప్పేవి

ప్రతి రాడ్ ఎండ్ మీద వేలు పెట్టి, ఇంకొకరిని చక్రం ఊపమనండి. కంటికి కనపడని ప్లే, అంటే వదులు, వేలికి తెలుస్తుంది. ప్లే ఉన్న రాడ్ ఎండ్‌కు మరమ్మతు లేదు, మార్చడమే. కొత్తది వేసేటప్పుడు మరలు దాని వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి వెళ్లాలి, చెక్ నట్ బిగించి ఉండాలి. ఒక వైపు మాత్రమే పట్టు ఉన్న చోట, రాడ్ ఎండ్ కంటే పెద్ద వాషర్ ఒకటి బోల్టు తల కింద వేయండి. బాల్ ఊడిపోయినా ఆ వాషర్ సస్పెన్షన్ ఆర్మును జారిపోనివ్వదు. దాని ఖరీదు దాదాపు శూన్యం, అది లేకపోతే చక్రమే పోతుంది.

నైలాన్ ఉన్న లాక్ నట్టు ఒకసారి విప్పితే మళ్లీ వాడొద్దు. బోల్టు తల మీద 8.8, 10.9, 12.9 లాంటి గుర్తు లేకపోతే సస్పెన్షన్‌లో దానికి చోటు లేదు. బోల్టు పొడవు ఎంచుకునేటప్పుడు, బరువు అడ్డంగా పడే చోట మరలు కాకుండా నున్నటి భాగం వచ్చేలా చూడండి. బోల్టు సాధారణంగా మర దగ్గరే తెగుతుంది.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు ప్లే తెలుస్తుంది, పక్కల పట్టుకుని ఊపితే స్టీరింగ్ ప్లే తెలుస్తుంది. తీసి పెట్టే స్టీరింగ్ వీల్ అయితే దాని స్ప్లైన్ల (షాఫ్టును పట్టుకునే పళ్లు) దగ్గర వదులు ఉందేమో చూడండి. ఆయిల్ కారుతున్న షాక్ అబ్జార్బర్లను జతగా బాగుచేయించాలి, ఒక్కటి మాత్రమే కాదు.

పెట్రోలు, కరెంటు, మంట

పాత రేసు కార్లలో పెట్రోలు ట్యాంకు లోపల స్పాంజిలా ఫోమ్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పెట్రోల్లోనే పొడిపొడి అవుతుంది. మూత తీసి ఒక ముక్క పీకి వేళ్ల మధ్య నలపండి. పొడి అయితే ఫోమ్ మొత్తం మార్చాలి, లేకపోతే ఆ పొడి ఫిల్టర్లలోకి, కార్బ్యురేటర్ జెట్లలోకి చేరుతుంది. రబ్బరు సంచి రకం ట్యాంకైతే దాని తయారీ తేదీ చూడండి. అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ ప్రమాణం ఉన్న సంచులకు మామూలు గడువు 5 ఏళ్లే. పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయండి, ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆగే రకం అడిగి తెచ్చుకోండి. పాతకాలపు రబ్బరును ఇథనాల్ మెత్తబరుస్తుంది.

యాక్సిలరేటర్‌కు రెండు రిటర్న్ స్ప్రింగులు పెట్టండి. ఒకటి తెగినా రెండోది థ్రాటిల్ మూయాలి. కేబుల్ చివర ఒక్క తీగ పోగు లేచినా కేబుల్ మార్చాలి.

కారులో కరెంటంతా ఆపే మెయిన్ కట్ ఆఫ్ స్విచ్ పరీక్ష ఇంజిన్ నడుస్తుండగానే చేయాలి. బ్యాటరీని మాత్రమే తెంపే స్విచ్ వేస్తే, ఆల్టర్నేటర్ కరెంటుతో ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. స్విచ్ తిప్పగానే ఇంజిన్ ఆగితీరాలి. బయట స్విచ్ దగ్గర నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు అతికించండి. ప్రమాదంలో మిమ్మల్ని బయటికి లాగేవాళ్లు వెతికేది ఆ గుర్తునే.

సీటులో మీరు

మిమ్మల్ని సీటుకు కట్టే హార్నెస్ బెల్టుల మీద ఉన్న లేబుల్ చదవండి. ఎఫ్‌ఐఏ లేబుల్ మీద గడువు ముగిసే ఏడాది ఉంటుంది. అమెరికా భద్రతా ప్రమాణాల సంస్థ ఎస్‌ఎఫ్‌ఐ లేబుల్ అయితే సాధారణంగా తయారైనప్పటి నుంచి 2 ఏళ్లు. ఎండకు బెల్టు దారం బలం తగ్గుతుంది, కంటికి రంగు వెలసినట్టు మాత్రమే ఉంటుంది. భుజం బెల్టులు భుజం నుంచి వెనక్కి దాదాపు సమంగా వెళ్లాలి. నేల మీద దూరంగా ఉన్న పాయింటుకు నిట్టనిలువుగా దింపితే, గుద్దుకున్నప్పుడు అవి వెన్నెముకను కిందికి నొక్కేస్తాయి. ఈ ఒక్క తప్పు పాత కార్లలో చాలాసార్లు కనిపిస్తుంది. హెల్మెట్ విషయంలో, హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ లేబుల్ మీద ‘ఎం’ అని ఉంటే అది మోటార్‌సైకిల్‌ది, దానికి మంటను తట్టుకునే పరీక్ష ఉండదు. ‘ఎస్‌ఏ’ అని ఉన్నదే కారు రేసులకు.

ఇప్పుడు ఇంజిన్

స్పార్క్ ప్లగ్గులు తీసి ప్రతి సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలం పెట్టకండి, మళ్లీ ఆయిల్ పోసి ఆగండి. స్టార్టర్‌తో లాగించి పిస్టన్ రింగులు విరగ్గొట్టుకున్నవాళ్లున్నారు. హాయిగా తిరిగితే ఆయిల్, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు లేకుండా, ఇగ్నిషన్ కట్ చేసి స్టార్టర్‌తో తిప్పుతూ ఆయిల్ ప్రెజర్ మీటర్ కదిలేదాకా చూడండి. టైమింగ్ బెల్టు ఉంటే అది అంతకుముందే మారిపోయి ఉండాలి.

కంప్రెషన్ పరీక్ష థ్రాటిల్ పూర్తిగా తెరిచి చేయండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకపోతే మంచిదే. అంతకంటే ఎక్కువ చెప్పేది లీక్ డౌన్ పరీక్ష. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెట్టి వినాలి. గాలి సైలెన్సర్ గొట్టం నుంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బ్యురేటర్ నుంచి వస్తే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్.

గేరుబాక్సు ఆయిల్ దించి, డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతం చూడండి. మెత్తటి బూడిద రంగు ముద్ద ఉంటే ఫర్వాలేదు. పలుకుల్లా లోహపు ముక్కలుంటే గేరుబాక్సు విప్పాలి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని పక్కనే నిలబడాలి.

కొలతలు, బరువులు

టైరు పక్క మీద చివరి నాలుగంకెలు చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం. గట్టిబడ్డ పాత స్లిక్కులు (గాడులు లేని రేసు టైర్లు) కారును తోసుకురావడానికి తప్ప పనికిరావు.

అలైన్‌మెంట్‌కు రెండు దారాలు చాలు. కారుకు రెండు పక్కలా, మధ్య గీతకు సమాంతరంగా దారం కట్టి, ప్రతి రిమ్ము ముందంచు నుంచి, వెనకంచు నుంచి దారానికి దూరం కొలవండి. ఆ రెండింటి తేడాయే టో, అంటే చక్రం లోపలికో బయటికో ఎంత తిరిగి ఉందో చెప్పే కొలత.

నాలుగు చక్రాల కింద తూకాలు దొరికితే, డ్రైవరు సీటులో కూర్చుని, మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్లు విప్పి తూచండి. తూకాలు అన్నీ ఒకే మట్టంలో ఉండాలి, లేకపోతే అంకెలు అబద్ధం చెప్తాయి. ఉదాహరణకు ముందు ఎడమ 121 కిలోలు, ముందు కుడి 109, వెనక ఎడమ 141, వెనక కుడి 149 అనుకుందాం. మొత్తం 520. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 250, అంటే 48.1 శాతం. రెండు వైపులా మలుపులున్న ట్రాక్‌కు ఇది 50 దగ్గరికి రావాలి. ముందు కుడి స్ప్రింగు సీటును కొంచెం పైకి లేపితే ఆ మూలకూ దానికి ఐమూలగా ఉన్న వెనక ఎడమ మూలకూ బరువు పెరుగుతుంది. ఒక్కో మూల కొంచెం కొంచెంగా మార్చుతూ, ప్రతిసారీ కారును కుదిపి మళ్లీ చూడండి.

మొదటి రోజు

నేరుగా రేసుకు వెళ్లకండి, టెస్ట్ డే చూసుకోండి. ముందు రోజు ప్రతి ముఖ్యమైన నట్టునూ టార్క్ రెంచితో బిగించి, నట్టు మీద నుంచి పక్క లోహం మీదికి పెయింట్‌తో ఒక గీత గీయండి.

రెండు ల్యాపులు నెమ్మదిగా తిరిగి లోపలికి రండి. కింద పడుకుని ఎక్కడ తడి ఉందో చూడండి. చక్రాల నట్లు మళ్లీ టార్క్ చేయండి. తర్వాత కొత్త ప్యాడ్లను అలవాటు చేయాలి. ఒక్కోసారి కొంచెం గట్టిగా బ్రేకు వేస్తూ, పూర్తిగా ఆగకుండా, అలా కొన్నిసార్లు చేసి చల్లారనివ్వండి. వేగం గురించి ఆలోచన ఆ తర్వాతే.

ఇంటికి వచ్చాక కారును మళ్లీ స్టాండ్ల మీదికి ఎక్కించి, లైటు పట్టుకుని ఒక్కో పెయింట్ గీతనూ చూడండి. గీత విరిగి, రెండు ముక్కలు పక్కపక్కకి జరిగి ఉంటే ఆ నట్టు కదిలింది. అది ఎందుకు కదిలిందో తేలేదాకా దాన్ని మళ్లీ బిగించకండి.